మల్చింగ్ షీటు బలం ఎక్కడ కొలవాలి?

పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల మిరప చేలలో మల్చింగ్ షీటు ఇప్పుడు కొత్త వస్తువేమీ కాదు. బోదె తోలి, డ్రిప్పు పైపు పరిచి, వెండి రంగు పైకీ నలుపు కిందికీ వచ్చేట్టు షీటు లాగి, అంచుల మీద మట్టి ఎగదోసి, బెజ్జాలు పొడిచి నారు నాటడం అనేక గ్రామాల్లో చూస్తున్నాం. తేమ నిలుస్తుంది. కలుపు అణుగుతుంది. ఆ మెరుపుకు రసం పీల్చే పురుగులు కొంత బెదురుతాయి. ఇందులో అబద్ధమేమీ లేదు.

అయితే ఏడు నెలల తర్వాత, ఆఖరు కోత కూడా అయిపోయాక, చిరిగి పీలికలైన ఆ షీటును మట్టిలోంచి పీకేదెవరు? పీకగా మిగిలిపోయింది ఏమవుతుంది? అమ్మిన కంపెనీ ఈ ప్రశ్నకు జవాబు చెప్పదు. సబ్సిడీ ఇచ్చిన శాఖ కూడా చెప్పదు. ఇప్పుడు మాత్రం అందరూ ఒకే మాట అంటున్నారు: "మొక్కల నుంచి తీసిన ప్లాస్టిక్ వస్తోంది, అది మట్టిలో మట్టయిపోతుంది, ఇక చిక్కు లేదు" అని. మంచిదే. మట్టిలో కలిసే షీటును వ్యవసాయ కార్మికులు ఎందుకు కాదంటారు? కానీ దాని బలమెంత, ఆ బలం ఎన్నాళ్ళుంటుంది, దాన్ని ఎవరు ఎక్కడ కొలిచారు అన్నది ముందు తేలాలి. ఇవాళ మేం అడగదలచింది ఈ ఒక్క సంగతే.

ఎకరం లెక్క

ముందు ఇప్పుడు వాడుతున్న పాలిథిన్ లెక్క చూద్దాం. బోదెకూ బోదెకూ మధ్య ఐదడుగులు, షీటు వెడల్పు నాలుగడుగులు అనుకుంటే ఎకరానికి సుమారు 2,700 మీటర్ల షీటు పడుతుంది. 25 మైక్రాన్ల మందం, అంటే మిల్లీమీటరులో నలభయ్యో వంతు ఉన్న పాలిథిన్ చదరపు మీటరుకు 23 గ్రాములు తూగుతుంది. అంతా కలిపితే ఎకరానికి దగ్గర దగ్గర 75 కిలోలు. పీకేటప్పుడు అందులో పదోవంతు మట్టిలో ఉండిపోయిందనుకున్నా ఏడాదికి ఏడున్నర కిలోలు. ఆ లెక్కన పదేళ్ళు వేస్తే ఒక ఎకరానికి సరిపడా షీటు భూమిలోనే దిగబడి ఉంటుంది.

ప్రపంచ ఆహార వ్యవసాయ సంస్థ 2021లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2019 ఒక్క సంవత్సరంలో పంటల, పశువుల పెంపకంలో వాడిన ప్లాస్టిక్ 1 కోటి 25 లక్షల టన్నులు. అందరికన్నా ముందు ఈ దారిలో చాలా దూరం పోయింది చైనా. అక్కడ 1992 నాటి ప్రమాణం 8 మైక్రాన్ల షీటును కూడా అనుమతించింది. షీటు పలచనైతే కొనేటప్పుడు చౌక. కానీ తీయబోతే చేతిలోనే తునకలవుతుంది. ఏరడం ఎవరికీ సాధ్యం కాదు. చేలల్లో పేరుకున్న ఆ ముక్కలకు అక్కడి జనం "తెల్ల కాలుష్యం" అని పేరు పెట్టారు. చివరికి 2017లో కొత్త ప్రమాణం తెచ్చి మందాన్ని 10 మైక్రాన్లకు పెంచారు. దీన్నిబట్టి మనం నేర్చుకోవలసింది ఏమిటి? పరిచేనాటి బలం ఒకటి, పీకేనాటి బలం ఇంకొకటి. షీటును అమ్మేది మొదటిదాన్ని చూపించి. మన చేతికి మిగిలేది రెండోది.

మన దగ్గర ఇంకో నష్టం కూడా ఉంది. మిరప వేసిన చేలోనే మరో ఏడు పత్తి వేస్తాం. మట్టిలోని పీలికలు గాలికి లేచి పగిలిన కాయలకు చుట్టుకుంటాయి. అవి దూదిలో కలిస్తే జిన్నింగు మిల్లులో విడదీయడం కష్టం. ప్లాస్టిక్ పోగుకు రంగు పట్టదు గనుక బట్టలో మచ్చ పడుతుంది. ఆ వంకతో తగ్గేది చివరికి రైతు ధరే.

గంజి చెప్పే పాఠం

బలం అంటే ఒక్క అంకె కాదు. షీటు విషయంలో కనీసం నాలుగు సంగతులు చూడాలి. ఎంత లాగితే తెగుతుంది? తెగేలోపు ఎంత సాగుతుంది? బెజ్జం దగ్గర మొదలైన చిరుగు ఎంత తేలిగ్గా పాకుతుంది? తడిస్తే, ఎండితే ఈ మూడూ ఎట్లా మారతాయి? ఇది లాబరేటరీ వాళ్ళకే తెలిసిన విద్య అనుకోనక్కర్లేదు. చీరాల, మంగళగిరి నేత కార్మికులు తరతరాలుగా చేస్తున్న పనే ఇది.

పడుగుకు గంజి పెట్టడం అంటే ఏమిటి? దారం చుట్టూ పిండి పదార్థంతో పలచటి పొర కట్టడమే. ఆ పొర వల్లే పోగు రాపిడికి ఆగుతుంది. ఉత్త గంజి పెడితే ఎండ గాలికి పొర పెళుసై పోగులు పుటుక్కున తెగుతాయి. అందుకని కాస్త నూనె కలుపుతారు. ముసురు పడితే గంజి తేమ పీల్చి మెత్తబడుతుంది, మగ్గం సాగదు. పిండితో ఫిలిం తయారు చేసే శాస్త్రజ్ఞులు నూనెకు బదులు గ్లిసరిన్ కలుపుతారు. చేసే పని అదే. గ్లిసరిన్ తగ్గితే ఫిలిం పెళుసు, పెరిగితే మెత్తన. మెత్తబడిన కొద్దీ సాగుతుంది, కానీ బలం పోతుంది. ఒకటి పెంచితే ఇంకొకటి తగ్గుతుంది.

మరో సంగతి. రాత్రి వండిన అన్నం తెల్లారేసరికి బిరుసెక్కుతుంది గదా! పిండి గొలుసులు మళ్ళీ దగ్గర దగ్గరగా చేరి గట్టిపడటమే దానికి కారణం. పిండి ఫిలిం కూడా అంతే. తయారైన వారం ఒక బలం, నెలలు గడిచాక ఇంకో బలం. గోదాములో పడి ఉన్న చుట్ట చేలోకి వచ్చేసరికి పెళుసెక్కి ఉండవచ్చు.

అంకెల్లో చెప్పుకుందాం. చదరపు మిల్లీమీటరు అడ్డకోతకు మామూలు పాలిథిన్ ఫిలిం ఒకటి రెండు కిలోల లాగుడును తట్టుకుంటుంది, తెగేలోపు తన పొడవుకు మూడు నాలుగు రెట్లు సాగుతుంది. గ్లిసరిన్ కలిపిన ఉత్త పిండి ఫిలిం చాలాసార్లు అర కిలో కూడా ఆగదు. దూది, కలప గుజ్జులలోని సెల్యులోజ్‌తో చేసే సెలోఫేన్ పది కిలోల దాకా ఆగుతుంది. పాలిథిన్ కన్నా ఎన్నో రెట్లు గట్టిదన్నమాట! కానీ అది సాగేది ఐదోవంతు లోపే, నీళ్ళలో నానితే బలం బాగా పడిపోతుంది.

నల్లరేగడి మీద ఈ సాగుదల చిన్న సంగతి కాదు. వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిచ్చే భూమి అది. నెర్రె తెరుచుకున్న చోట షీటు సాగాలి, లేకపోతే చిరగాలి. బెజ్జాల సంగతీ అంతే. గుండ్రంగా పొడిచిన బెజ్జం లాగుడును చుట్టూ పంచుతుంది. బ్లేడుతో గీరిన గాటు మాత్రం కొసల దగ్గర చిరుగుతూ పోతుంది. పెళుసు షీటుకు ఆ ఒక్క గాటు చాలు.

పేరు చూసి మోసపోవద్దు

"మొక్కలది" అన్నా "మట్టిలో కలిసేది" అన్నా ఒకటే అని ప్రచారం చేస్తున్నారు. ఒకటి కాదు. బ్రెజిల్‌లో 2010 నుంచి చెరకు నుంచి తీసిన సారాతో పాలిథిన్ చేస్తున్నారు. పుట్టుక మొక్కదే. కానీ పెట్రోలు పాలిథిన్‌కూ దానికీ మట్టిలో తేడా లేదు, రెండూ కుళ్ళవు. మొక్కజొన్న, చెరకు పంచదారల నుంచి వచ్చే పి.ఎల్.ఎ. అనే పదార్థం గట్టిదే, అయితే పెళుసు. అరవై డిగ్రీల దరిదాపు వేడి పుట్టే కంపోస్టు కుప్పలో త్వరగా కుళ్ళుతుంది గాని మామూలు మట్టిలో చాలా నెమ్మది. ఇంకో పక్క పి.బి.ఎ.టి. అనే పదార్థం ఉంది. అది ఎక్కువగా పెట్రోలియం నుంచే వస్తుంది, అయినా సూక్ష్మజీవులు దాన్ని తినగలవు, బాగా సాగుతుంది కూడా. ఐరోపాలో మట్టిలో కలిసే షీట్లలో ఎక్కువ భాగం దీన్ని పిండితోనో పి.ఎల్.ఎ.తోనో కలిపి చేసేవే. పాలిథిన్‌లో మందు కలిపి "కరిగిపోతుంది" అని అమ్మేవి నాలుగో రకం. అవి కరగవు, కంటికి కనిపించనంత పొడి అవుతాయి. అట్లాంటి సరుకును ఐరోపా సంఘం 2021 నుంచి మార్కెట్లో నిషేధించింది.

తిరుమలలో 2021 ఆగస్టులో డి.ఆర్.డి.ఓ. వారు మొక్కజొన్న పిండితో చేసినవిగా ప్రకటించిన లడ్డూ సంచుల విక్రయం ప్రారంభించారు. ప్రభుత్వ పరిశోధన సంస్థ తలుచుకుంటే ఇట్లాంటి సరుకు జనం చేతికి తేగలదనడానికి అది నిదర్శనం. అయితే లడ్డూ సంచి పని కొన్ని గంటలదీ రోజులదీ. మిరప బోదె మీద షీటు పని ఏడు నెలలది. సంచికి చాలిన బలం షీటుకు చాలదు. సంచిని చూపించి షీటు అమ్మితే ఒప్పుకోరాదు.

ధర దగ్గర కూడా ఒక మెలిక ఉంది. పిండి, సెల్యులోజ్ ఫిలింలు పాలిథిన్ కన్నా బరువైనవి. అదే మందం, అదే ఎకరం అయితే పాలిథిన్ 75 కిలోలు పట్టేచోట ఇవి 100 కిలోలు దాటుతాయి. కాబట్టి కిలో ధర పోల్చి చెప్పే మాట నమ్మవద్దు, ఎకరం ధర అడగాలి. తేడా పూడ్చడానికి ఐరోపాలో మట్టిలో కలిసే షీట్లను 12 నుంచి 15 మైక్రాన్లకు పలచన చేస్తున్నారు. పలచన చేస్తే మళ్ళీ చిరుగుడు సంగతి ముందుకొస్తుంది.

మన పత్తిలోనే ఉన్న సరుకు

దూదిలో నూటికి తొంభై పాళ్ళకు పైగా సెల్యులోజే. జిన్నింగు అయ్యాక గింజకు అంటుకుని ఉండే నూగు కూడా అదే పదార్థం. పత్తి కట్టెలోనూ సెల్యులోజ్ బాగానే ఉంది, అయితే అందులో పావు వంతుకు పైగా లిగ్నిన్ అనే జిగట చెక్కపదార్థం ఉంటుంది గనుక శుద్ధి ఖర్చు ఎక్కువ. గులాబీ పురుగు బెడద తగ్గాలంటే పత్తి మోళ్ళు చేలో నిలవ ఉంచరాదని వ్యవసాయాధికారులే చెబుతున్నారు. ఎట్లాగూ పీకవలసిందే. పీకి ఇవాళ తగలబెడుతున్నాం, లేదా పొయ్యిలో పెడుతున్నాం.

సెల్యులోజ్‌తో ఒక చిక్కుంది. అది ప్లాస్టిక్‌లా వేడికి కరగదు. ఏదైనా ద్రావణంలో కరిగించి పొరగా పోయాలి. సెలోఫేన్‌ను గత శతాబ్దం మొదట్లో స్విట్జర్లాండుకు చెందిన బ్రాండెన్‌బెర్గర్ కనిపెట్టాడు. దానికి వాడే పద్ధతిలో కాస్టిక్ సోడాతో పాటు కార్బన్ డైసల్ఫైడ్ కావాలి. ఆ ఆవిరి కార్మికుల నరాలను, మతిని దెబ్బతీస్తుందని పందొమ్మిదో శతాబ్దంలోనే వైద్యులు రాశారు. ఆ తర్వాత రేయాన్ ఫ్యాక్టరీలలో దేశదేశాల కార్మికులు దానికి బలయ్యారు. కాబట్టి "మొక్కల ఫిలిం" అనగానే పవిత్రమైనది అనుకోరాదు. చేలో విషం తగ్గి ఫ్యాక్టరీలో విషం పెరిగితే అది పరిష్కారమెట్లా అవుతుంది?

వేరే దారి లేకపోలేదు. చైనాలో వూహాన్ విశ్వవిద్యాలయంలో ఆచార్య లీనా ఝాంగ్ బృందం క్షారం, యూరియా కలిపిన నీటిని సున్నాకు దిగువ 12 డిగ్రీల దాకా చల్లబరిచి దూది సెల్యులోజ్‌ను నిమిషాల్లో కరిగించే పద్ధతి కనిపెట్టింది. మనం చేలో చల్లే యూరియాయే! అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో ఆచార్య ఎ. వరదరాజులు బృందం ఆ చైనా శాస్త్రజ్ఞులతో కలిసి ఈ పద్ధతిలోనే సెల్యులోజ్ ఫిలింలు చేసి, వాటిలో సహజమైన నారలు కలిపి లాగుడు బలం పరీక్షించింది. ఆ ఫలితాలు 2015లో అచ్చయ్యాయి. అంటే ఈ విద్య మన రాష్ట్రానికి తెలియనిది కాదు. జర్నల్లో అచ్చయి అక్కడే ఆగిపోయింది, అంతే. లాబరేటరీలో జానెడు ఫిలిం చేయడం వేరు, ఎకరానికి 2,700 మీటర్లు చేయడం వేరు. ఆ మధ్య దూరాన్ని దాటించవలసింది ప్రభుత్వమే. గుంటూరులో కేంద్ర పత్తి సాంకేతిక పరిశోధన సంస్థ ప్రాంతీయ యూనిట్ ఉంది. దూది పోగు బలాన్ని కొలిచి గ్రేడు చెప్పే సంస్థ అది. మన దూదితో చేసిన ఫిలిం బలం కొలవడానికి అంతకన్నా తగిన చోటు ఏముంది?

23 డిగ్రీల గదిలో తేలేది కాదు

ఫిలిం బలం పరీక్షకు ప్రపంచమంతా పాటించే నియమం ఒకటుంది: గది వేడి 23 డిగ్రీలు, గాలిలో తేమ 50 శాతం. పోల్చి చూడటానికి అట్లాంటి నియమం ఉండాల్సిందే. కానీ పల్నాడులో వేసవిలో 45 డిగ్రీలు తాకే ఎండ ఆ గదిలో లేదు. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపాను నీళ్ళూ ఆ గదిలో లేవు. పాలిథిన్‌కు తడి పెద్ద లెక్క కాదు. మొక్కల ఫిలింకు తడే ప్రాణాంతకం. కాబట్టి పొడి బలం ఒక్కటే అచ్చేసిన కాగితం మనకు చిత్తు కాగితంతో సమానం.

ఇంట్లోనే చేయగల పరీక్ష ఒకటి చెబుతాం. షీటు నుంచి అంగుళం వెడల్పు, జానెడు పొడవు పీలికలు నిలువుగా కొన్ని, అడ్డంగా కొన్ని కత్తిరించండి. పై కొస బద్దకు బిగించి, కింది కొసకు ఖాళీ సీసా కట్టి మెల్లగా నీళ్ళు పొయ్యండి. 25 మైక్రాన్ల పాలిథిన్ అయితే లీటరు దరిదాపు నీళ్ళకు గాని తెగదు. ఉత్త పిండి ఫిలిం గ్లాసెడు నీళ్ళకే తెగవచ్చు. తర్వాత అదే రకం పీలికల్ని ఒక రోజు నానబెట్టి చూడండి. మరికొన్నిటిని చేలో జానెడు లోతున పాతి నెలకొకటి తీసి చూడండి. ఎన్ని నీళ్ళకు తెగిందో రాసి పెట్టండి. పది గ్రామాల్లో ఈ లెక్క రాస్తే ఏ కంపెనీ ఏజెంటు కూడా మనల్ని మాటలతో మాయ చేయలేడు.

షీటు ఏడు నెలలూ ఒకే బలంతో ఉండాలని కూడా లేదు. మొదటి మూడు నెలలు, మిరప చెట్టు కమ్ముకుని నేలను కప్పేదాకా, కలుపును ఆపాలి. తర్వాత దాని పని తగ్గుతుంది. మెల్లమెల్లగా బలం కోల్పోయి, దున్నినప్పుడు మట్టిలో కలిసి, పూర్తిగా కుళ్ళేది కావాలి. ఐరోపా 2018 ప్రమాణం ప్రకారం మట్టిలో రెండేళ్ళలో 90 శాతం కుళ్ళాలి. సగం బలంతో చచ్చీ చావకుండా ఉండి, పీకబోతే రాక, వదిలేస్తే కుళ్ళక మిగిలే షీటు పాలిథిన్ కన్నా హీనం.

కలుపు కూలి మాటేమిటి?

ఇక అందరూ దాటేసే సంగతి. మిరపలో కలుపు పని ఆడవాళ్ళది. షీటు వేసిన చేలో ఆ పనిదినాలు పోతాయి. ఎండలో నడుం వంచి కలుపు తీయడం సుఖమైన పని అని మేమనడం లేదు. అది తగ్గితే సంతోషమే. కానీ ఆ కూలికి బదులేమిటో ఎవరూ చెప్పరు. పైగా కొత్తగా వచ్చిన పని, అంటే షీటు పరచడం, బెజ్జాలు పొడవడం, చివర పీలికలు ఏరడం, చాలా చోట్ల విడిగా లెక్కకే రాదు. మోళ్ళు పీకే గుత్తలో కలిపేస్తారు. ఏరిన షీటు గట్టు మీద తగలబెడితే ఆ పొగ పీల్చేదీ వాళ్ళే. పాలిథిన్ చౌక అంటున్నారు. ఏరే కూలి లెక్కలో రాయకపోతే ఏదైనా చౌకగానే కనబడుతుంది. ఆ కూలి కూడా కలిపి చూసినప్పుడే మొక్కల షీటు నిజంగా ప్రియమో కాదో తేలుతుంది.

కౌలు రైతు సంగతి వేరే చెప్పాలా? 2014 నాటి కేంద్ర ఉద్యాన మార్గదర్శకాల్లో మల్చింగుకు హెక్టారుకు 32,000 రూపాయల ఖర్చు కట్టి, సగం సబ్సిడీ అన్నారు. భూమి కాగితం లేని కౌలుదారుకు ఇట్లాంటి సబ్సిడీ అందడమే గగనం. పూర్తి ధర పెట్టి కొనేవాడు పలచటి షీటే కొంటాడు. పలచటి షీటే మట్టిలో ఎక్కువ మిగులుతుంది. కౌలు ముగిశాక ఆ భూమిని శుభ్రం చేసేదెవరో ఎవరూ అడగరు.

అందుచేత మేం కోరేది ఇది:

1. పాలిథిన్ అయినా, మొక్కలదైనా, ప్రతి మల్చింగ్ షీటు చుట్ట మీద మందం, పొడి బలం, తడి బలం, సాగుదల, ఏ పదార్థంతో చేశారో తెలుగులో అచ్చెయ్యాలి.

2. లాం వ్యవసాయ పరిశోధన స్థానంలోనూ, పల్నాడు, ప్రకాశం రైతుల చేలలోనూ మొక్కల ఫిలింలను పరిచి కనీసం మూడు పంటకాలాలు పరీక్షించాలి. ఆఖరు కోత నాటి బలాన్ని, మట్టిలో మిగిలిన ముక్కల బరువును బహిరంగంగా ప్రకటించాలి. ఆ పరీక్ష కమిటీలో షీటు పరిచి, పీకే వ్యవసాయ కార్మికులు, ముఖ్యంగా స్త్రీలు ఉండాలి.

3. గింజ నూగు, పత్తి కట్టెలతో ఫిలిం తయారీపై గుంటూరులోని పత్తి పరిశోధన యూనిట్, అనంతపురం విశ్వవిద్యాలయం కలిసి పనిచేయడానికి ప్రభుత్వం డబ్బివ్వాలి. ఫలించిన పద్ధతి సహకార సంఘాలకు దక్కాలి. కార్బన్ డైసల్ఫైడ్ పద్ధతిని మన నెత్తిన రుద్దరాదు.

4. షీటు పరిచే, ఏరే పనులకు విడిగా కూలి రేటు నిర్ణయించాలి. పాత షీటును అమ్మిన కంపెనీయే తూకం వేసి వెనక్కి కొనాలి.

5. సబ్సిడీ సాగుచేసేవాడికి దక్కాలి, పట్టా పుస్తకానికి కాదు.

మొక్కల నుంచి వచ్చే ఫిలిం ఒకనాటికి పాలిథిన్‌ను తొలగిస్తుందనే మేమూ ఆశిస్తున్నాం. మన పత్తి చేనే ఆ ఫిలింకు ముడి సరుకు కావచ్చు. కానీ ఆ ఫిలిం బలాన్ని కంపెనీ కాగితం మీద కాదు, ఆఖరు కోత నాడు నల్లరేగడిలో, దాన్ని పీకే కూలి మనిషి చేతిలో కొలవాలి. ఈ ఎండాకాలం మోళ్ళు పీకే పని మొదలవగానే ప్రతి గ్రామంలో ఒక ఎకరం షీటును పూర్తిగా ఏరించి, పరిచినదెంత, చేతికొచ్చినదెంత తూకం వేసి, ఆ లెక్కను మండల వ్యవసాయాధికారికి రాతపూర్వకంగా ఇవ్వాలని రైతు, కూలి సంఘాల కార్యకర్తలను కోరుతున్నాం.